దానిమ్మకు ఎవరు మేత వేశారు

నాకు కాలు ఒక్కచోట నిలవదు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పేదాన్ని కదా, పక్క సీట్లో కూర్చుని రోజంతా "బ్రేకు! బ్రేకు!" అని అరిచీ అరిచీ, ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డా కుడికాలు నేలను తొక్కుతూనే ఉంటుంది. మామయ్య నాకు పెట్టిన పేరు తుపాను. నేను గుమ్మంలో చెప్పులు విప్పేలోగానే "తుపాను వచ్చింది, తలుపులు చూసుకోండ్రా" అంటారు. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఊరుకునేదాన్ని కాదు. మా ఆయన నా కోపానికి భయపడతాడు, మా వదిన ముఖం మాడ్చుకుంటుంది. నా కోపం చూసి హాయిగా నవ్వగలిగింది ఈ ఇంట్లో మామయ్య ఒక్కరే. అందుకే ఆయనంటే నాకు ప్రాణం. దాచుకోవడం దేనికి?

మామయ్య ఒకప్పుడు కాటాలు బాగుచేసేవారు. కొట్లలో గానీ మిల్లుల్లో గానీ తూకంలో తేడా వస్తే ఆయనకే కబురు వచ్చేది. ఆ పని మానేశాక డాబా మీద బోన్సాయ్ చెట్లతోనే కాపురం. మోకాలెత్తు కూడా ఉండని చెట్లు, ఒక్కోదానికి ముసలి మాను, బెరడు, వంపులు. ఆయన ఎరువు అనరు, మేత అంటారు.

"కుండీలో చెట్టంటే కట్టేసిన గొడ్డమ్మాయ్. బయటికెళ్ళి తినిరాలేదు. మనం పెట్టకపోతే పస్తు. ఎక్కువ పెడితే వద్దనలేదు. అదీ దాని ఖర్మ."

ఆముదం పిండీ ఎముకల పొడీ కలిపి ఉండలు చేసి, ఒక్కో ఉండనీ బొటనవేలితో నొక్కి ఎండబెడతారు. ఆ కంపుకి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. చలి వదిలి చిగురు కనబడగానే ఆ ఉండలు వేసెయ్యరు. ఆకు కాస్త ముదిరి రంగు తిరిగాకే మట్టి మీద పెడతారు. నీళ్ళు పోసినప్పుడల్లా కొంచెం కొంచెం కరిగి వేళ్ళకి దిగుతాయి. ఎండలు మండిపోయే రోజుల్లో వాటిని ఏరి తీసేస్తారు. ఎండ చల్లబడ్డాక మళ్ళీ పెడతారు, ఈసారి ఎముకల పొడి ఇంకాస్త ఎక్కువ కలిపి. చలికాలమంతా ఏమీ ఉండదు. అడిగితే "నిద్రపోయేవాడి నోట్లో ముద్ద కుక్కుతామా?" అంటారు. ఇవన్నీ నేను ఒక చెవితోనే విన్నాను. రెండో చెవి ఎప్పుడూ ఫోన్‌కో, కుక్కర్‌కో ఇచ్చి ఉంటాను.

గొడవంతా వదిన ఫోన్‌తో మొదలైంది. వదిన అంటే మా ఆయన అక్క, పెద్ద ఆసుపత్రిలో నర్సు. మనిషిని చూడగానే జబ్బేమిటో వెతుకుతుంది. పోయినసారి ఆవిడ వచ్చినప్పుడు మామయ్య భోజనం దగ్గర చెప్పిన జోకే మళ్ళీ చెప్పారట. గొడుగు ఎక్కడో వదిలేసి తడిసి వచ్చారట. అంతకుముందు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడితే, నేనే మర్చిపోయానని నెత్తిన వేసుకున్నాను గానీ ఆవిడ నమ్మలేదు.

"ఇది మామూలు మతిమరుపు కాదురా" అంది తమ్ముడితో. "ఇంకొక్కటి జరిగితే నాన్నని నా దగ్గరికి తెచ్చేసుకుంటాను. మెట్లెక్కడాలూ పొయ్యి ముట్టించడాలూ ఏమీ ఉండవు."

వదిన ఉండేది ఎక్కడో పైఅంతస్తులో. బాల్కనీ లేదు. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో గోడ. గడ్డిపోచ మొలిచేంత ఎండ కూడా లోపలికి రాదు. అక్కడ మామయ్య చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను. "కుదరదని చెప్పండి!" అని మా ఆయన మీద అరిచాను. ఆయన నీళ్ళు నమిలాడు. "అక్క నర్సు కదా, మనకంటే తెలుస్తుంది కదా..." అంటూ కళ్ళజోళ్ళ షాపుకి పారిపోయాడు. అక్కడ అద్దాలు తుడుచుకుంటూ ఉంటే ప్రపంచంలో ఏ గొడవా ఉండదు ఆయనకి.

ఇక నేను కాపలా మొదలుపెట్టాను. పాఠానికీ పాఠానికీ మధ్య ఇంటికి ఒక పరుగు పెట్టేదాన్ని. పొయ్యి చూడటం, తాళాలు చూడటం, బట్టలు తియ్యాలన్న వంకతో డాబా ఎక్కడం. చిగుళ్ళు ముదిరే రోజులు. అన్ని కుండీల్లోనూ ఉండలు బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. దానిమ్మ కుండీ మాత్రం బోసిగా ఉంది.

ఆ దానిమ్మ మా ఆయనకంటే కాస్త పెద్దది, ఆయనకంటే బాగా మాట వింటుంది. మామయ్య దాన్ని పిల్లలాగా చూసుకుంటారు. దాన్నే మర్చిపోయారంటే ఇంకేమన్నా ఉందా? చెట్టు నీరసించిందంటే వదిన వెంటనే పట్టేస్తుంది. పోనీ మామయ్యనే అడుగుదామా అంటే, "మీరు మర్చిపోయారు" అని ముఖం మీద చెప్పినట్టే. నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడం అదే మొదలు!

మొక్కల కొట్టుకెళ్ళి నీలం ఎరువు గుళికలు తెచ్చాను. కొట్టువాడు చిటికెడు చాలన్నాడు. పాపం, ఆకలితో ఉన్న చెట్టుకి చిటికెడేమిటని గుప్పెడు తీసి, పైన కనబడకుండా మట్టి మీద పరిచిన నాచు ఎత్తి దాని కింద తోసి, చెంబుడు నీళ్ళు పోశాను. కొన్నాళ్ళాగి చూస్తే చెట్టులో మార్పు లేదు. మళ్ళీ వేశాను. ఒక్కసారి వేసి ఊరుకుంటే నేను తుపానునెందుకవుతాను?

ఆకుల అంచులు మాడటం మొదలైంది. నేను నీళ్ళు పెంచాను. ఇంకా మాడింది. కొత్త చిగుళ్ళు వేలాడిపోయాయి, కుండీ అంచున తెల్లగా ఉప్పులా పేరుకుంది. ఒక పొద్దున మామయ్య ఆ కుండీ ముందు పీట వేసుకుని కూర్చున్నారు. టిఫిన్‌కి పిలిస్తే రాలేదు. మళ్ళీ పిలిస్తే కిందికి వచ్చి, కంచం ముందు కూర్చుని, తినకుండా అన్నారు:

"అమ్మాయ్, పెద్దమ్మాయికి ఫోన్ చెయ్యి. వస్తానన్నానని చెప్పు."

"ఎక్కడికి?"

"వాళ్ళింటికి. ఇంక నావల్ల కాదు." నా వైపు చూడకుండా చెప్పుకుపోయారు. "చలి వెళ్ళేటప్పుడు దానిమ్మ వేళ్ళు కత్తిరించి కుండీ మార్చాను. వేళ్ళు కోసిన చెట్టుకి గాయం మానేదాకా మేత వెయ్యకూడదు. అందుకే దానికొక్కదానికీ పస్తు పెట్టాను. ఇప్పుడు చూస్తే మేత ఎక్కువై మాడిపోయింది. వేసింది నేనే అయ్యుంటాను. వేసినట్టు కూడా గుర్తులేదు. ఇంక నేనేం చూసుకుంటాను వాటిని?"

మర్చిపోలేదా ఈయన! కావాలని మానేశారా! ఎంత పని చేశాను దేవుడా!

"నేనే వేశాను మామయ్యా! గుళికలు తెచ్చి నేనే వేశాను!"

ఆయన నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. "నువ్వలా అంటావని తెలుసమ్మా. పాలు మాడినప్పుడూ నువ్వే అన్నావు. నీ మనసు మంచిదే, అబద్ధం ఆడటమే చేతకాదు."

"ఒట్టు మామయ్యా!"

"ఒట్లెందుకులే."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ని కాపాడటానికి ఇన్నాళ్ళూ ఆడిన అబద్ధాలు పోగుపడి, ఇప్పుడు నిజం చెబుతుంటే అడ్డం నిలబడ్డాయి. నేను అరుస్తుండగానే ఆయన చెయ్యి కడుక్కుని, తనే వదినకి ఫోన్ చేసుకున్నారు.

వదిన సెలవు చూసుకుని ఖాళీ సూట్‌కేసుతో దిగింది. మామయ్య అప్పటికే చొక్కాలు మడతపెట్టి మంచం మీద పెట్టుకున్నారు. మా ఆయన గోడకి ఆనుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"సూట్‌కేసు అక్కడ పెట్టండి వదినా. అందరూ పైకి రండి. ముందు ఆ కుండీ విప్పండి. అందులో ఏముందో చూశాక ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్ళండి!"

"ఏంటే నీ గోల?" అంది వదిన.

"విప్పాల్సిందేలే" అన్నారు మామయ్య నెమ్మదిగా. "ఆ మట్టి కడిగేస్తేనే చెట్టు బతికితే బతుకుతుంది. వెళ్ళేముందు ఆ ఒక్క పనీ చేసి వెళ్తాను."

డాబా మీద ఆయన నాచు పొర ఎత్తారు. కింద నీలం గుళికలు, సగం కరిగి, గుంపులు గుంపులుగా. "ఇవిగో! నావే! ఇప్పుడన్నా నమ్ముతారా?" అని కేకేశాను.

మామయ్య ఒక గుళిక వేళ్ళ మధ్య నలిపి వాసన చూశారు. "ఎంత వేశావు?"

"గుప్పెడు... మళ్ళీ ఇంకో గుప్పెడు."

"గుప్పెడా! నీకసలు బుద్ధుందా? చెట్టనుకున్నావా, గాడిదనుకున్నావా?" అని గర్జించారు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన నన్ను తిట్టడం అదే మొదటిసారి. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఇంకాస్త తవ్వితే పసుపుపచ్చటి ఎరువు పూసలు బయటపడ్డాయి. "మరి ఇవి?" అన్నారు. "నావి కావు" అన్నాను. అందరం ఒక్కసారే తిరిగాం. మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"అంటే... కుండీ బోసిగా ఉంటే... నాన్న మర్చిపోయారేమోనని... అక్కకి తెలిస్తే బాగోదని..."

"మీరూనా! నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"నువ్వు అరుస్తావని."

మామయ్య పీట మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. "మొగుడూ పెళ్ళాం ఒకరికి తెలియకుండా ఒకరు కుక్కారా! బతికుందంటే ఇది మామూలు చెట్టు కాదు." వదిన కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నాన్నా, నీ మతికేం కాలేదు. వైద్యం కావలసింది వీళ్ళిద్దరికీ" అంది.

నవ్వుతూనే మామయ్య చెట్టుని తొట్టిలో ముంచి వేళ్ళు కడగసాగారు. లోపలి మట్టి జారిపోతోంది. ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆగింది. వేళ్ళ మధ్య నుంచి ఒక ఉండ తీశారు. ఉబ్బి, కుళ్ళి, కంపు కొడుతోంది. మీద బొటనవేలి నొక్కు ఇంకా ఉంది.

ఆ ఉండలు చేసేది ఆయనొక్కరే. వాటి డబ్బా మేమెవరం ముట్టుకోము. నేను వెయ్యలేదు. మా ఆయనా వెయ్యలేదని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. కోసిన వేళ్ళ పక్కనే, పచ్చి గాయం మీద, మామయ్యే పెట్టారు. పెట్టి మర్చిపోయారు.

వదిన నవ్వు ఆగిపోయింది. "నాన్నా, ఇది..."

మామయ్య ఆ ఉండని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"అదీ నాదే" అన్నాను. "గుళికలు చాలవేమోనని మామయ్య డబ్బాలోంచి ఒకటి తీసి లోపలికి తోశాను."

"నిజంగా?"

"నిజంగా, ఒట్టు. ఎన్ని తిట్లు తినాలో ఒకేసారి తినేస్తాను, తిట్టండి."

వదిన నన్ను ఎగాదిగా చూసి తల కొట్టుకుంది. నమ్మింది. మామయ్య ఆ ఉండని పక్కన పెట్టారు. వేళ్ళు శుభ్రంగా కడిగి, కొత్త మట్టి పోసి, చెట్టు కదలకుండా తీగతో కట్టి నీడలో పెట్టారు. సాయంత్రానికి వదిన ఖాళీ సూట్‌కేసుతోనే వెళ్ళిపోయింది. మా ఆయన ఆవిడని దింపడానికి వెళ్ళాడు.

నేను డాబా కడుగుతూ, బకెట్లు మోస్తూ, మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నాను. ఆగితే మామయ్య ముఖం చూడాల్సొస్తుందని భయం.

"అమ్మాయ్, కాస్త ఒక్కచోట నిలబడు" అన్నారు.

నిలబడ్డాను.

"ఆ ఉండ నీది కాదు."

నేను నోరు తెరిచాను.

"మళ్ళీ ఒట్టు పెట్టకు. ఎప్పుడు పెట్టానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. కుండీ మార్చిన రోజు గుర్తుంది. వేళ్ళు కోయడం గుర్తుంది. ఇది మాత్రం లేదు." చెట్టుకి కట్టిన తీగ మరోసారి చూసుకున్నారు. "ఇకనుంచి మేత వేసేటప్పుడు నువ్వు నా పక్కనుండు. నేనే వేస్తాను. ఊరికే చూస్తూ ఉండు. వెయ్యకూడని దానికి వెయ్యబోతే చెయ్యి పట్టుకో."

"పట్టుకుంటాను మామయ్యా."

"అరవకు మాత్రం."

"అరుస్తాను! అరవకుండా నాకెలా వస్తుంది?" అని అరిచాను. ఆయన నవ్వారు. నేను చీపురు పక్కన పడేసి, ఆయన పీట దగ్గరే నేల మీద కూర్చుని ఏడ్చేశాను.