ఐదు పాయింట్ పది

"మా ఆవిడ ఇంట్లోనే ఉంటాది. మీరెప్పుడొచ్చినా గేటు తీస్తాది" అని మా ఆయన రఘునాథ్, బేల్దారి మేస్త్రీ ఎల్లప్పకు చెప్పి, భుజాన బ్యాగు తగిలించుకుని తిరుపతి బస్సుకు వెళ్లిపోయాడు. ఆ మాటతో పుత్తూరులో మా ఇంటి రిపేరు పని మొదలైంది.

ఇంట్లోనే ఉండటమంటే ఏమిటో ఆ ఏప్రిల్ నెలలో నాకు పూర్తిగా అర్థమైంది. వంటగది పగలగొట్టారు కాబట్టి స్టవ్వు వరండాలోకి వచ్చింది. అక్కడ అన్నం దించి పప్పు ఎక్కించేలోపల "మేడం, మోటారెయ్యండి" అని పిలుపు. డ్రమ్ము నిండగానే కొత్తగా పూసిన గోడలు తడపాలి. పైపు చివర వేలు అడ్డం పెట్టి, నీళ్లు చిలకరిస్తూ, అటక దాకా. గోడ ఆరితే బీటలిస్తుందట. ఇసుక ట్రాక్టరు వస్తే ఎదురింటివాళ్ల స్కూటరు తీయించాలి. ఐదుగురికి టీ పెట్టాలి, గ్లాసులు కడగాలి, మళ్లీ పెట్టాలి. మధ్యాహ్నం రఘు ఆఫీసు నుంచి ఫోను చేస్తాడు. బాత్రూములో టైల్సు వాలు ఎటు పెట్టారో ఫొటో పంపమంటాడు. పంపిస్తాను. "ఇట్ల తీస్తే ఏం తెలుస్తాది సుజనా?" అంటాడు. ఇంకోటి తీసి పంపిస్తాను. వీటన్నిటి మధ్య నా కూతురు ప్రసన్నకు చదువు చెబుతాను. అది ఎవరి లెక్కలోకీ రాని పని. భిన్నాల లెక్క సగంలో ఉండగా నన్ను ఎవరైనా పిలవవచ్చు. పిలవకూడని సమయం ఒకటుంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ప్రసన్నకు పదకొండేళ్లు. బడికి పోదు. మూడేళ్ల క్రితం వరకు నేను, ప్రసన్న, మా పెద్దవాడు సుకుమార్ ఒకే బడికి వెళ్లేవాళ్లం. నేను అక్కడ లెక్కల టీచర్ని. వాడికి జ్వరం వచ్చిన రోజు నాకు పరీక్షల డ్యూటీ. సెలవు అడిగితే పరీక్ష అయినాక వెళ్లమన్నారు. ఒంటిగంట దాకా వేరే పిల్లల బల్లల మధ్య నడిచాను. డెంగీ. నాలుగో రోజు వాడు పోయాడు. ఆ మూడు గంటల వల్ల తేడా ఏమీ వచ్చేది కాదని డాక్టరు చెప్పాడు. ఆయన మాట నమ్మే రోజులున్నాయి, నమ్మని రోజులున్నాయి.

తర్వాత ప్రసన్న బడి గేటు దాటలేకపోయింది. ఊచలు పట్టుకుని నిలబడి వాంతి చేసుకునేది. పదిహేను రోజులు చూశాను. పదహారో రోజు నా రాజీనామా ఇచ్చి, దాని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

సత్యవేడు నుంచి మా అత్తగారు ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట. "సదువు సెప్పేదానికి ఊరి నిండా బళ్లుండాయి. ఉన్న ఒక్క బిడ్డను కొంగుకు కట్టేసుకుంటివే." ఆమెది కోపం. దానికి జవాబు చెప్పవచ్చు. రఘుది కోపం కాదు. ఒకసారి ఆఫీసు స్నేహితుడితో ఆయన అంటుంటే విన్నాను. "ఆమెకు మనసు బాగలేదబ్బా. పాపను దగ్గర పెట్టుకుంటే కొంచెం నెమ్మదిగా ఉంటాది." అంటే ఇంట్లో జరిగేది నా కూతురి చదువు కాదు, నాకు వైద్యం. ప్రతి సాయంత్రం నేను మర్నాటి పాఠం రాసుకుంటాను. పిల్లకు ఎక్కడ అడ్డం పడిందో పక్కన గుర్తు పెట్టుకుంటాను. బళ్లో పదమూడేళ్లు చేసిన పనే ఇది. అక్కడ దాన్ని ఉద్యోగం అన్నారు, ఇక్కడ మనసు బాగలేకపోవడం అంటున్నారు. ఆయన ఆ మాట ప్రేమగానే అన్నాడు. అందుకే ఏమీ అనలేకపోయాను.

మేము చదువుకునేది పిల్లల గదిలో. ఒక మంచం, రెండు బల్లలు, వీధి వైపు కిటికీ. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టించుకుని మెడకు చెయ్యి వేలాడేసుకున్న మనుషులు పొద్దున్నుంచీ ఆ వీధిలో పోతుంటారు. మూడేళ్లుగా రఘు ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఏదైనా చెప్పాలంటే గడప అవతల నిలబడి చెబుతాడు.

రిపేరు ప్లానులో ఆ గదికీ హాలుకూ మధ్య గోడ లేదు. ఆయన షూ లేసులు కట్టుకుంటూ చెప్పాడు. "మనం ముగ్గురమే గదా, ఇన్ని రూములు దేనికి? ఆ గోడ తీసేస్తే హాలు పెద్దదైతాది. జూన్లో పాపను బళ్లో ఏద్దాం. నీక్కూడా రెస్టు." రెండు లేసులు కట్టడం అయ్యేలోపల నా గది, నా కూతురి బడి, నా పని మూడూ తేలిపోయాయి. వాస్తు చూసే ఆయనను అడిగాడు, సత్యవేడులో తన అన్నను అడిగాడు, ఎల్లప్పను అడిగాడు. గోడ పడగొట్టేది శుక్రవారం అని క్యాలెండర్ మీద రాసిపెట్టాడు. నేను ఆ తారీఖు కిందే పాల ప్యాకెట్లు రాసుకున్నాను.

ఎల్లప్ప దగ్గర చెంగమ్మ అని ముప్పై ఏళ్ల మనిషి పనిచేసేది. ఇటుకలు మోస్తుంది, మాలు కలుపుతుంది, ఎక్కడ సిమెంటు పలచబడిందో ఎల్లప్ప కంటే ముందు చెబుతుంది. మొదటివారంలో ఒకరోజు మధ్యాహ్నం సద్ది తిని మా గుమ్మం పక్కన కూర్చుని ప్రసన్న లెక్క చేస్తుంటే చూస్తోంది.

"ఏంది పాపా, అంకెలను ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కించినావు?"

"భిన్నాలు అక్కా. ఇది మూడు బై ఎనిమిది."

"అంటే?"

ప్రసన్న నా వైపు చూసింది. లెక్క చెయ్యడం వచ్చు, అంటే ఏమిటో చెప్పడం దానికే ఇంకా పట్టుబడలేదు. నేను ఎల్లప్ప టేపు తెప్పించి చెంగమ్మ చేతికిచ్చాను. అంగుళంలో ఉన్న చిన్న గీతలను పనివాళ్లు నూళ్లు అంటారు, ఎనిమిది నూళ్లు అయితే అంగుళం. మూడు బై ఎనిమిది అంటే మూడు నూళ్లు అని చెప్పాను. "ఓస్, ఇంతేనా!" అని ప్రసన్న అరిచింది. చెంగమ్మ అరవలేదు. టేపును గోరుతో నెమ్మదిగా తడిమింది.

"పన్నెండేండ్లుగా పన్జేస్తా ఉండా అక్కా. టైలు ఎట్ల పరచాలో నాకు తెలుసు. తాపీ మాత్రం సేతికియ్యరు. టేపు సదవను రాదు గదా నీకు, అంటారు."

మర్నాటి నుంచి మధ్యాహ్నం అరగంట ఆమె మాతో కూర్చునేది. నేను ప్రసన్నకు చెప్పేదాన్ని, ప్రసన్న చెంగమ్మకు చెప్పేది. బయటివాళ్లతో గుసగుసగా తప్ప మాట్లాడని పిల్ల, "కాదక్కా, మళ్లీ చూడు" అని గద్దించడం నేను వరండాలో గ్లాసులు కడుగుతూ విన్నాను. కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతూ నిలబడ్డాను.

బుధవారం సాయంత్రం వంటగది బండ వచ్చింది. నల్ల గ్రానైట్. నలుగురు మోసుకొచ్చి దిమ్మె మీద పెడితే గోడకూ బండకూ మధ్య నా మోచేయి పట్టేంత సందు మిగిలింది. రఘు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడు.

"ఇంట్లోనే ఉంటావు గదా. ఒక్క కొలత సరిగ్గా సెప్పలేకపోతే ఎట్ల సుజనా?" అన్నాడు, అందరి ముందు.

"ఐదడుగుల పది అంగుళాలు అని చెప్పాను."

"నేనూ అదే పంపించినా గదా షాపుకు!" అని ఫోను తీసి చూపించాడు. "సూడు. ఐదు పాయింట్ పది."

ప్రసన్న నా వెనక నుంచి ముందుకు వచ్చింది.

"నాయనా, ఐదు పాయింట్ పది అంటే ఐదు పాయింట్ ఒకటే. చివర సున్నాకు విలువ లేదు. వాళ్లు ఐదడుగులు, ఇంకా ఒక అడుగులో పదో వంతు అనుకున్నారు. అంటే అంగుళం కంటే కొంచెం ఎక్కువ, అంతే. మనకు కావాల్సింది పది అంగుళాలు."

రఘు ఫోనును చూశాడు, బండను చూశాడు. చెంగమ్మ అప్పటికే టేపు లాగి సందులో పెట్టింది. పెదాలు కదుపుతూ గీతలు లెక్కపెట్టుకుంది.

"తొమ్మిదంగుళాలకు రొండు నూళ్లు తక్కువ సార్."

ఎల్లప్ప నవ్వాడు. "సూడండి సార్, మాలు కలిపే ఆడమనిషి మనకు కొలతలు సెప్పే కాలమొచ్చె."

"తప్పు సెప్తే నవ్వన్నా. ఒప్పు సెప్పినా నవ్వితే ఇంగెప్పుడు మాట్లాడేది?" అంది చెంగమ్మ. ఎల్లప్ప టేపు తీసుకుని తనూ కొలిచాడు. తర్వాత నవ్వలేదు.

"ఇదంతా నీకు ఎవరు నేర్పినారు?" అని రఘు కూతురిని అడిగాడు.

ప్రసన్నకు ఆ ప్రశ్న వింతగా తోచినట్టుంది. "ఆరో క్లాసు లెక్క నాయనా ఇది. అమ్మ డిసెంబర్లోనే చెప్పింది."

ఆయన మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. ఆయన తప్పు బయటపడినందుకు నాకు సంతోషం కలగలేదు. అట్లాంటి తప్పు ఎవరైనా చేస్తారు, నేను చేస్తే మాత్రం అది ఇంట్లోనే ఉండడం వల్ల వచ్చిన తప్పు అవుతుంది. నా మనసులో తిరుగుతున్నది వేరే. ఏడుగురు మనుషుల ముందు నా కూతురు గొంతు తగ్గించకుండా ఆరేడు వాక్యాలు మాట్లాడింది. నేను వాటిని ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకుంటూ పొయ్యి ముందు కూర్చున్నాను.

కోసిన బండను షాపువాళ్లు వెనక్కి తీసుకోబోమన్నారు. అడ్డంగా ఉందని దాన్ని మోసుకొచ్చి పిల్లల గదిలో, పడగొట్టబోయే గోడకే ఆనించారు. నునుపు వైపు గోడకు, గరుకు వైపు మాకు. గురువారం మధ్యాహ్నం చెంగమ్మ సుద్దముక్క తీసుకుని ఆ గరుకు మీద ఒకటి నుంచి పన్నెండు వరకు రాసింది. నల్ల రాతి మీద తెల్లటి అంకెలు చక్కగా పడ్డాయి.

"పెద్ద పలక మాదిరి ఉండాది గదక్కా! రేపు గోడ పోతే దీన్ని యాడ పెడతారు?"

నేను అంకెల కింద రాలిన సుద్దపొడి తుడిచాను.

"మా సిన్నమ్మ కూతురు కూడా వస్తానంటాది. ఇంగా ముగ్గురు నలుగురు. పని ఐనాక, ఐదు దాటినాక. మీరు సెప్తే." తన కాళ్ల వైపు చూసుకుంది. మోకాళ్ల దాకా సున్నం. "ఈ కాళ్లతో మీ కొత్త హాల్లోంచి రానిస్తాడా సార్?"

"అక్కా, నువ్వు కిటికీలోంచి దూకు" అంది ప్రసన్న. ఇద్దరూ నవ్వారు. నేను కిటికీ వైపు చూశాను. కిటికీ కింద గోడ, గోడ అవతల వీధి. మధ్యలో ఇంకేమీ లేదు. ఇరవై రోజులుగా ఆ ఇంట్లో ప్రతి గోడనూ నా చేత్తో తడుపుతున్నాను. ఏ గోడ ఉండాలో, ఏది పోవాలో నాకు ఒక అభిప్రాయం ఉండవచ్చని నాకే తట్టలేదు.

శుక్రవారం రఘు ఆఫీసుకు ఆలస్యంగా వెళతానన్నాడు. హాల్లో కుర్చీ వేసుకుని, ఆ గోడ వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. ఎల్లప్ప సమ్మెట తీసుకుని గదిలోకి వచ్చాడు. నేను గోడకూ ఎల్లప్పకూ మధ్య నిలబడలేదు. అట్లా నిలబడితే అది వేరే రకం కథ అవుతుంది. పక్కన నిలబడి మామూలుగా చెప్పాను.

"ఎల్లప్పా, ఈ గోడ ఉండనీ."

ఎల్లప్ప హాలు వైపు చూశాడు. రఘు లేచి గడప దాకా వచ్చాడు.

"ఏంది సుజనా, పనోళ్ల ముందర?"

"పగలగొట్టేది వాళ్లే కదా. వాళ్ల ముందే చెప్పాలి. ఈ గది నాకు కావాలి. పొద్దున ప్రసన్నకు చెప్పుకుంటాను. సాయంత్రం చెంగమ్మా వాళ్లు వస్తారు."

"మరి జూన్లో..."

"జూన్లో ప్రసన్ననే అడుగుదాం. పోతానంటే గేటు దాకా నేనే తీసుకుపోతాను. పోనంటే ఇక్కడే."

ప్రసన్న బల్ల దగ్గర కూర్చుని పెన్సిలు చెక్కుకుంటోంది, వింటోందని చేతులు చెబుతున్నాయి. రఘు ఆ పెన్సిలు వైపే చూశాడు.

"హాలు పెద్దది కావాలని కాదు సుజనా. పొద్దున లేస్తే ఈ రూము కనపడతాది. కనపడకుండా చేస్తే..."

మూడేళ్లలో ఆయన సుకుమార్ ఊసు ఎత్తడం అదే మొదలు. ఇన్నాళ్లూ ఆయనకు గుర్తు లేదనుకున్నాను, నాకు మనసు బాగలేదని ఆయన అనుకున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరం, ఒకరి కొలత ఒకరికి అందలేదు.

"నేను రోజూ ఇందులోనే కూర్చుంటున్నాను కదండీ" అన్నాను. "మొదట్లో చాలా కష్టంగా ఉండేది. ఇప్పుడు కొన్ని గంటలు ఉండదు. ప్రసన్నకు లెక్క తెలిసినప్పుడు అసలు ఉండదు."

చెంగమ్మ తల పక్కకు తిప్పుకుంది. ఎల్లప్ప సమ్మెటను శబ్దం కాకుండా కింద పెట్టాడు.

నేను సుద్దముక్క తీసుకుని వీధి వైపు గోడ దగ్గరికి వెళ్లాను. కిటికీకి ఇటు అంచు నుంచి నేల దాకా ఒక గీత గీశాను. మూడు జానలు వదిలి ఇంకో గీత గీశాను. రెండూ వంకరగా వచ్చాయి.

"ఇక్కడ వాకిలి పెట్టు ఎల్లప్పా. వీధిలోంచే రావాలి అందరూ. బండను హాలు వైపు గోడకు బిగించు, గరుకు ముందుకు ఉండేలాగా."

"వాకిలి పెట్టొచ్చు మేడం, కిటికీ తీసి సందు నేల దాకా దించితే సరిపోతాది. కానీ..." అని ఎల్లప్ప మళ్లీ గడప వైపు చూశాడు.

అందరం చూశాం. రఘు ఆఫీసు బట్టల్లో, ఒక చెయ్యి తలుపు చట్రం మీద పెట్టి నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లు గదిలో ఒక్కో వస్తువునూ తాకుతూ వస్తున్నాయి. మంచం. రెండు బల్లలు. బండ మీద చెంగమ్మ రాసిన పన్నెండు అంకెలు. చివరికి నేను గీసిన గీతల దగ్గర ఆగాయి.

"ఎంత వెడల్పు పెడుతుండావు?" అని అడిగాడు.

చెంగమ్మ చేతిలోని టేపు తీసుకుని ఆయన వైపు చాచాను.

"లోపలికి వచ్చి కొలవండి."