అత్తమ్మ కార్డు

"కార్డు ఎవలి పేరు మీదుంటే ఏంది బిడ్డా, పొయ్యి ఒక్కటే గదా" అనేది మా అత్తమ్మ సరోజన. నేను సిరిసిల్లకు కోడలిగా వచ్చిన కొన్నాళ్లకే ఆమె కళ్లు మసకబారాయి. అప్పటినుంచి ఆమె బీడీ కార్డు మీద బీడీలు చేసింది నేను. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, ఖార్ఖానాలో అప్పజెప్పింది నేను. పీఎఫ్ జమైంది మాత్రం ఆమె పేరున. నేను చుట్టిన బీడీలు తడిమి "నా చెయ్యే అచ్చింది నీకు" అని మురిసేది. మా వాడలో చాలా ఇళ్లలో ఇదే తీరు కాబట్టి ఎవరికీ తప్పని తోచలేదు. నాకూ తోచలేదు, అదే నా ఖర్మ.

తర్వాత్తర్వాత "నా పేరున కార్డు చేపియ్యి" అని అడిగితే మా ఆయన మనోహర్ నవ్వేవాడు. "తెలంగాణ రానియ్యే, అన్నీ అయితయ్." సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. ఇంట్లో రోజూ చేసే వంటే రోడ్డు మీద చేస్తే ఉద్యమమైంది. నేనూ ఆ వంటావార్పులో కూర్చుని "మా కొలువులు మాకే కావాలె" అని గొంతు చించుకున్నాను. ఇంటికొచ్చి మళ్లీ బీడీల చాట ముందేసుకున్నాను. ఆ సమ్మెలోనే అత్తమ్మ పోయింది.

సమ్మె ముగిశాక పీఎఫ్ ఆఫీసు నుంచి ఒకాయన విచారణకు ఇంటికొచ్చాడు. మంచివాడే, ఓపికగా చెప్పాడు. పనిలో ఉండగా చనిపోతే పీఎఫ్‌తో పాటు బీమా కూడా వస్తుందట. నామినీ కొడుకు. కోడలు వారసురాలు కాదు.

"ఒక్కటే మాటమ్మా. ఆమె ఆఖరిదాక తనే బీడీలు చేసిందా? వేరేటోళ్లు చేస్తే బీమా రాదు."

మనోహర్ నావైపు చూశాడు. మా నవత నర్సింగు ఫీజు ఆ పైసలతోనే కట్టాలి. నిజం చెబితే నా బిడ్డ చదువు ఆగుతుంది, చెప్పకపోతే ఇన్నేళ్లూ నాకు చేతులు లేనట్టే.

"చేసింది సార్" అన్నాను. "పొయ్యేదాక చేసింది."

ఆయన రాసుకుని కాగితం నా ముందుకు జరిపాడు. సాక్షిగా సంతకం పెట్టాను. లేవబోతూ మర్యాదకు అడిగాడాయన.

"మరి నువ్వేం చేస్తవమ్మా?"

తంబాకు రంగు పట్టిన వేళ్లను కొంగులో దాచుకున్నాను.

"నేనేం చెయ్య సార్. ఇంట్లనే ఉంట."