గీజరు మర్యాద

త్రినాథ్‌కు ఎర్రర్ కోడ్ అంటే భయం లేదు సరికదా, కాస్త ప్రేమ కూడా. డబ్లిన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్ చూస్తాడు. సిస్టమ్ పడిపోతూ ఏ కోడ్ చూపించిందో చెబితే చాలు, మిగతాది తన మీద వదిలేయమంటాడు. డబ్లిన్‌కు దగ్గరున్న నేవన్ ఊళ్ళో, అలాంటి మొనగాడి ఇంట్లో, ఐరిష్‌వాళ్ళు ప్రెస్ అని పిలిచే వంటింటి అలమారాలో కూర్చున్న గ్యాస్ బాయిలర్ కొన్ని వారాలుగా రోజూ సాయంత్రం ‘పి సెవెన్’ అని చూపించి అతని పరువు తీస్తోంది.

పరువుతో పోయేదైతే ఫరవాలేదు. బాయిలర్ సరిగ్గా నడవకపోతే ఇల్లు వెచ్చబడదు. ఇల్లు వెచ్చబడకపోతే అత్తగారు శ్యామలాదేవి భీమవరం వెళ్ళిపోతుంది. భార్య నీలిమ టాలట్‌లోని ఆసుపత్రిలో డాక్టరు, ప్రసవం సెలవు అయిపోయి ఈమధ్యనే డ్యూటీలో చేరింది. పాప మృదులకు క్రెష్‌లో చోటు సెప్టెంబరుకి గానీ లేదన్నారు. ఇప్పుడు జనవరి. అందాకా పాపని చూసుకునేది అత్తగారే.

“టికెట్ ముందుకి జరపొచ్చా అని అమ్మ అడిగింది,” అంది నీలిమ ఆదివారం రాత్రి. “అమ్మ వెళ్ళిపోతే నేను మళ్ళీ సెలవు పెట్టాలి. ఈసారి పెడితే ట్రైనింగ్ పోస్టు పోతుంది త్రినాథ్.”

“చలిగా ఉందని చెప్పిందా?”

“అమ్మ అలా ఎందుకు చెప్తుంది? రెండు స్వెట్టర్లేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, బానే ఉందమ్మా అంటుంది.”

ఆవిడనే నేరుగా అడిగితే పోలేదా అని మీకు అనిపించవచ్చు. అయితే మీకు ఆ ఇంటి మర్యాదలు తెలియవన్నమాట. పెళ్ళయి ఆరేళ్ళయినా శ్యామలాదేవి అల్లుడితో ముఖాముఖి ఒక్క మాట మాట్లాడలేదు. అల్లుడున్న గదిలో అడుగు పెట్టదు. ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంటుంది. తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సి వస్తే మనవరాలికి చెబుతుంది. “అమ్మలూ, వంకాయకూర చల్లారిపోతందని మీ నాన్నగారికి చెప్పమ్మా,” అని గుమ్మం అవతలినుంచి వినబడుతుంది. మృదుల చొంగ కారుస్తుంది, త్రినాథ్ వచ్చి కంచం ముందు కూర్చుంటాడు. ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

బాయిలర్ సంగతి మాత్రం వింతగా ఉంది. త్రినాథ్ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి డిస్‌ప్లే మీద పి సెవెన్ ఉంటుంది. గడియారం పన్నెండు దగ్గర ఆగి మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఎన్నింటికి వేడి చెయ్యాలో అతను నేర్పిన టైమింగులన్నీ ఆ యంత్రం మరిచిపోయి ఉంటుంది. అతను మళ్ళీ అన్నీ నేర్పితే బుద్ధిగా రాత్రంతా పనిచేస్తుంది. మర్నాటి సాయంత్రానికి మళ్ళీ మొదటికొస్తుంది. శని, ఆదివారాల్లో మాత్రం బంగారంలాంటి బాయిలర్. వారాంతాల్లో రాని బగ్ అని త్రినాథ్ దానికి పేరు కూడా పెట్టుకున్నాడు.

మాన్యువల్ తీశాడు. చివరి పేజీల్లో లోపాల పట్టిక ఉంది. అందులో ఎఫ్‌తో మొదలయ్యే కోడ్‌లు ఉన్నాయి, ఈతో మొదలయ్యేవి ఉన్నాయి, పి సెవెన్ లేదు. తనలాంటి నిపుణుడికి పట్టిక చాలు, ముందు పేజీలు మామూలు జనం కోసం రాస్తారని అతని అభిప్రాయం. కాబట్టి అవి తిప్పలేదు. నేవన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాడు.

గ్రూపులో జ్ఞానం గోదావరి వరదలా వచ్చిపడింది. ట్రాలీ అనే ఊళ్ళో డాక్టరుగా ఉన్న నీలిమ పెదనాన్న కొడుకు అభినవ్ వీడియో కాల్ చేసి బాయిలర్ మీటర్లో ప్రెషర్ ఎంతుందో చూపించమన్నాడు. ముల్లు ఒకటికీ రెండుకీ మధ్యన ఉంది. “నార్మల్ బావా, లో బీపీ కాదు,” అని రోగిని పరీక్షించినంత గంభీరంగా చెప్పి పెట్టేశాడు. నేవన్ తెలుగువాళ్ళలో అందరికంటే ముందొచ్చిన మధుసూదనరావు అంకుల్ బాయిలర్ నుంచి పెరట్లోకి వెళ్ళే డ్రెయిన్ పైపులో నీళ్ళు గడ్డకట్టి ఉంటాయని తేల్చాడు. ఆ రోజు గడ్డకట్టేంత చలే లేదు, వాన పడుతోంది. అయినా పెద్దాయన మాట కాదనలేక త్రినాథ్ గొడుగేసుకుని పెరట్లో నిలబడి పైపు మీద గోరువెచ్చని నీళ్ళు పోశాడు. పక్కింటాయన గోడ మీదుగా చూసి, “గ్రాండ్?” అని అడిగాడు. అంతా బానే ఉందా అనడానికి ఐరిష్‌వాళ్ళ మాట అది. “గ్రాండ్,” అన్నాడు త్రినాథ్. శనివారం మెకానిక్కు వచ్చాడు. శనివారం కాబట్టి బాయిలర్ పెళ్ళిచూపుల్లో పిల్లలా ఒద్దికగా ఉంది. అతనూ గ్రాండే అన్నాడు, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఇక దొంగను చేత్తో పట్టుకోవాల్సిందేనని సోమవారం త్రినాథ్ ఇంటినుంచే పని పెట్టుకున్నాడు. ప్రెస్ తలుపు తెరిచి, దాని ముందు కుర్చీ వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్‌తో కాపలా కూర్చున్నాడు.

శ్యామలాదేవి స్నానం చేసి వంటింటి గుమ్మం దాకా వచ్చి, అల్లుణ్ణి చూసి వెనక్కి వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చి గాజులు గలగలలాడించింది. తర్వాత దగ్గింది. తర్వాత, “అమ్మలూ, నాన్నగారికి హాల్లో వెలుతురు బాగుంటదని చెప్పమ్మా,” అంది. అమ్మలు నిద్రపోతోంది. త్రినాథ్ డిస్‌ప్లే మీంచి కళ్ళు తిప్పలేదు.

“అల్లుడుగారండీ.”

ఎవరు పిలిచారో అర్థంకాక అతను ముందు లాప్‌టాప్‌లోకి చూశాడు.

“కాస్త పక్కకి జరుగుతారా అండి. గీజరు ఆపాలి.”

“గీజరా?”

“మీ ముందున్నదేనండి. స్నానాలు అయిపోయాయి కదా.” ఆవిడ కొంగు సర్దుకుంటూ చెయ్యి చాచి గోడ మీది స్విచ్చి టక్కున నొక్కింది. డిస్‌ప్లే చీకటైపోయింది.

త్రినాథ్ లాప్‌టాప్ మూసేశాడు. “రోజూ ఆపుతున్నారా అత్తయ్యగారూ?”

“మరేనండి. మీరు ఆఫీసుకెళ్ళగానే ఆపేసి, సాయంత్రం మీరొచ్చే వేళకి పాపకి నీళ్ళు పోసేందుకు వేస్తానండి. శని, ఆదివారాలు మీరు వంటింట్లోనే తిరుగుతుంటారు, రావడానికుండదు. ఆ రెండ్రోజులూ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుంటాను. గీజరు వదిలేస్తే పేలుద్దని మీ మావగారు చెప్తారండి. ఆయన కరెంటాఫీసులో ఇంజనీరుగా చేశారు కదా. ఇంట్లో పసిపిల్లుందాయె.”

“మరి మీకు చలి? గోడలకున్న ఆ రేడియేటర్లు వేడెక్కేది కూడా దీంతోనే కదండీ.”

“ఏవీ, ఆ తెల్ల రేకులా అండి? అవి బట్టలారేసుకునేవి కదా. రాత్రిళ్ళు మీరు వేడి చేస్తారు. పొద్దున్నకి తువ్వాళ్ళు ఎంత బాగా ఆరతాయో.” ఆవిడ గొంతు తగ్గింది. “మనుషులకి హీటరు కొనుక్కునే స్తోమతు లేదనుకున్నానండి. పైగా నేనొకదాన్ని బరువెందుకని టికెట్ జరపమన్నాను.”

త్రినాథ్‌కు సిగ్గేసింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు గ్రూపునడిగాడు, డాక్టర్నడిగాడు, పైపుకు గోరువెచ్చని స్నానం చేయించాడు. ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో ఉండే మనిషిని ఒక్కసారి అడగలేదు. ఆ మనిషేమో పసిపిల్ల కోసమని పొయ్యి ఆర్పి, చలిలో కూర్చుని, అల్లుడి పేదరికానికి జాలిపడుతోంది. మాన్యువల్ ముందు పేజీలు తిప్పి చూస్తే అక్కడ పి సెవెన్ ఉంది. కరెంటు పోయి మళ్ళీ వచ్చింది, గొట్టాల్లో గాలి తీస్తున్నాను, ఇది లోపం కాదు, కాసేపు ఆగండి అని దాని భావం. నన్నెవరో ఆపుతున్నారు మహాప్రభో అని ఆ యంత్రం రోజూ మొత్తుకుంటూనే ఉంది.

అతను స్విచ్చి వేసి, రేడియేటర్ల మీది బట్టలన్నీ తీసేసి, ఆ తెల్ల రేకులు ఎలా వేడెక్కుతాయో ఆవిడ చేత తాకించి చూపించాడు. బాయిలర్ పేలకుండా లోపల ఏమేం కాపలా ఉన్నాయో కూర్చోబెట్టి చెప్పాడు. మధ్యాహ్నానికి మంకీ క్యాప్ ఊడింది. సాయంత్రానికి స్వెట్టర్లు రెండూ మడతపడ్డాయి.

నీలిమ ఇంటికి వచ్చేసరికి అమ్మ, అల్లుడికి ఎదురుగా సోఫాలో కూర్చుని ఉంది. ఒకసారి తెరుచుకున్న నోరు మళ్ళీ మూతపడలేదు. ఆరేళ్ళుగా దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. కూరలో కరివేపాకు ఏరి పారెయ్యకూడదు, చెప్పులు గుమ్మానికి అడ్డంగా వదలకూడదు, మగాడు అంత నెమ్మదిగా నమలకూడదు. ఇల్లు హాయిగా ఉంది. త్రినాథ్‌కు చెమటలు పడుతున్నాయి.

“టికెట్ జరపమంటావా అమ్మా?” భయపడుతూ అడిగింది నీలిమ.

“వద్దులేమ్మా, ఉంటాను. నీ ఉద్యోగం నువ్వు చేసుకో,” అని శ్యామలాదేవి అల్లుడి వైపు తిరిగింది. “మీ మావగారు కూడా బయల్దేరుతున్నారండి. గీజరు రాత్రీ పగలూ వదిలేస్తున్నామని ఫోన్లో చెప్పగానే కంగారు పడిపోయారు. ఆయనొచ్చి దగ్గరుండి చూసుకుంటానన్నారు.”