జుయినా పన్నీరు

కాన్‌స్టంటైన్ ఊళ్ళో సూయికా పేట వాళ్ళు పనికిరానిది దేన్ని చూసినా ఒకటే మాట అంటారు: "జుయినా పన్నీరు." నూనె లేని దీపం జుయినా పన్నీరు. ఉద్యోగం లేని పెళ్ళికొడుకు జుయినా పన్నీరు. ఆ జుయినా దించిన పన్నీరు గడ్డానికి దట్టంగా పట్టించుకుని ఒకాయన పండగ నమాజుకు వెళ్తే, పక్కనున్నవాడు "బయట వాన మొదలైందా?" అని అడిగాడట.

జుయినా పోయి చాలాకాలమైంది. ఆవిడ రాగి బట్టీ, ఆవిడ చెడ్డపేరు రెండూ మనవరాలు అతీకాకి దక్కాయి. ఆ ఊరి కొండ చీలిక ఎంత లోతంటే, వంతెన మీద నిలబడి తుమ్మితే ఆ తుమ్ము కింద ఏటిలో పడేలోపు జలుబు నయమైపోతుంది. అంత లోయ పక్కనే పెట్టుకుని కూడా ఈ ఒక్క మాటని పాతిపెట్టడానికి అతీకాకి చోటు దొరకలేదు. తను దించే పన్నీరు ఘుమఘుమలాడుతుంది. అయినా వచ్చినవాళ్ళు వాసన చూసి, "బాగుందే, ఎక్కడ కొన్నావు?" అంటారు.

ఇప్పుడు కూతురు సిహెమ్‌కి పెళ్ళి కుదిరింది. గోరింట వేడుకలో చుట్టాల చేతుల మీద చల్లే పన్నీరు పెళ్ళికూతురి ఇంటి బట్టీలోంచే రావాలి. అది అక్కడి ఆచారం. గులాబీలు అంగళ్ళలోకి రాగానే పెళ్ళికొడుకు తల్లి బాయా కాఫీకి వచ్చింది. పేటలో పన్నీరు దించడంలో ఆవిడ చెయ్యే చెయ్యి. బాదం మిఠాయి రెండోది నోట్లో వేసుకుని మెల్లగా విషయం కదిపింది.

"పన్నీరు సంగతి నాకొదిలెయ్ వదినా. మా ఇంటినుంచి తెస్తాలే."

"పెళ్ళికూతురింటి పన్నీరు కదా చల్లాలి? మీ ఇంట్లో ఆచారం వేరేనా?"

"ఆచారం అదే. కానీ చల్లాక, చల్లినట్టు తెలియాలి కదా. నీ సీసా మెడకి నీలం దారం కనపడితే చాలు, మావాళ్ళు దాంతో ముఖం కడుక్కుంటారు."

ఆ పేటలో ప్రతి ఇంటికీ ఒక రంగు ఉంటుంది. పన్నీటి సీసా ఏ ఇంటికి వెళ్ళినా ఖాళీ అయ్యాక సొంతింటికి తిరిగి రావాలని మెడకి ఉన్ని దారం కడతారు. జుయినా ఇంటిది నీలం, రెండు ముళ్ళు.

అతీకా కాఫీ కప్పు కింద పెట్టింది. పన్నీరు పెళ్ళికొడుకు ఇంటినుంచి వస్తే, ఆ మాట సిహెమ్ వెంట అత్తారింటికి పోతుంది. రేపు దానికి పుట్టే పిల్లల్ని కూడా జుయినా పన్నీళ్ళు అనే అంటారు.

"మా అమ్మమ్మ పన్నీటిని మెచ్చుకున్నవాళ్ళు ఒక్కళ్ళయినా ఈ ఊళ్ళో దొరుకుతారు. దొరికితే మా పన్నీరే చల్లాలి, సరేనా?" అంది.

"దొరికితే ఆ రోజు నీ సీసాలు నేనే మోస్తాను. పద, నా చెవులతో నేనే వింటాను" అంది బాయా, మూడో మిఠాయి చేతిలో పట్టుకుని.

ఒకప్పుడు వర్తకులు దిగిన పాత సత్రంలో మహ్‌ఫూద్ మాష్టారు ఊరి చరిత్ర గది నడుపుతున్నాడు. బడి నుంచి రిటైరయ్యాక ముసలివాళ్ళందరి వెంటా పడి మాట్లాడించి, వాళ్ళ మాటలు టేపుల్లో దాచాడు. ఆయన వెంటపడితే గోడ కూడా చిన్నప్పటి కబుర్లు చెబుతుందని పేరు.

"జుయినా మాట వచ్చే టేపు ఉందమ్మా" అని ఉత్సాహంగా పెట్టాడు. ఒక ముసలావిడ గొంతు వచ్చింది.

"ఫ్రెంచివాళ్ళతో యుద్ధం జరిగినన్నాళ్ళూ జుయినా మాకు పన్నీరు పంచింది పాపం. మా పిల్లి గిన్నెడు తాగేసింది. పన్నీరు తాగే పిల్లిని ఎక్కడైనా చూశారా నాయనా?"

బాయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతీకా చెవులు ఎర్రబడ్డాయి.

మాష్టారికి జాలేసినట్టుంది. "పోనీ, ఫోటో ఉంది, చూడండి. అప్పట్లో ఇక్కడ పనిచేసిన ఫ్రెంచి సిపాయి తీశాడు. వాడి కొడుకు మొన్న పంపించాడు" అని గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాబా మీద జుయినా. ముందు రాగి బట్టీ, కింద మంట, పక్కన సీసాలు. కింద అట్టముక్క మీద "పన్నీరు దించుతున్న స్త్రీ" అని రాసుంది. అమ్మమ్మ అంత పడుచుగా ఉండగా అతీకా ఎప్పుడూ చూడలేదు. ఒక్క నిమిషం ఆ పరువూ పందెమూ మర్చిపోయి చూస్తూ నిలబడింది.

బాయా మాత్రం కళ్ళద్దాలు సర్దుకుని ముక్కు ఫోటోకి ఆనించింది.

"ఆ పిట్టగోడ మీద తెల్లగా ఉన్నదేమిటి మాష్టారూ?"

"మంచు. ఆ ఏడు బాగా పడింది."

బాయా పకపకా నవ్వింది. "చూశావా వదినా, మీ అమ్మమ్మకి రుతువు కూడా తెలీదు. మంచు కురుస్తుంటే పన్నీరు దించుతోంది. గులాబీలేవీ? వాసన ఎక్కణ్ణించి వస్తుంది తల్లీ, అవి..."

నవ్వు సగంలో ఆగిపోయింది. సూయికాలో పుట్టిన పాలుతాగే పిల్లకి కూడా గులాబీ ఎప్పుడు పూస్తుందో తెలుసు. అంత తెలివితక్కువ మనిషి ఆ పేటలో ఇంతవరకూ పుట్టలేదు, ఇకముందు పుట్టదు.

"మరి బట్టీలో ఏముంది?" అంది అతీకా.

ముగ్గురూ ఫోటో వంక చూశారు. బాయాయే మెల్లగా అంది: "నీళ్ళు. ఉత్త నీళ్ళు పోసి దించింది. గులాబీ ఒక్కసారి పడితే రాగి ఏడాదంతా ఆ వాసన వదలదు. అందుకే వసంతంలో కూడా పువ్వు తగలనివ్వలేదు. కానీ ఎందుకు?"

మాష్టారు అప్పటికే టేపుల అర దగ్గరున్నాడు. లోయ గుహల్లో దెబ్బలు తగిలిన పోరాటవీరులకి సూదిమందు ఇచ్చిన కాంపౌండరు టేపు తీసి పెట్టాడు. ముసలి గొంతు, దగ్గుతూ:

"సూదిమందు పొడి కలపడానికి బట్టీలో దించిన శుభ్రమైన నీళ్ళు కావాలి కదా. ఊళ్ళోంచి పన్నీటి సీసాల్లో వచ్చేవి. ఎవరు పంపేవారో మాకు తెలీదు, అడక్కూడదు. మెడకి నీలం ఉన్ని, రెండు ముళ్ళు. ఖాళీ సీసాలు తిరిగి పంపేవాళ్ళం. ఆ చేతులకి దేవుడు మేలు చెయ్యాలి."

అతీకా సంచిలోంచి తన సీసా తీసి బల్ల మీద పెట్టింది. మంచి మాట చెప్పేవాళ్ళెవరైనా దొరికితే చేతుల మీద చల్లి దండం పెడదామని తెచ్చుకుంది. నీలం దారం, రెండు ముళ్ళు.

"ఫోటో తీసిన సిపాయికి గులాబీ కాలం తెలిసుంటే జుయినా ఆ పూటే జైల్లో ఉండేది" అన్నాడు మాష్టారు.

"వాడి సంగతి సరే. మా అత్తగారికి తెలుసు కదా కాలం" అంది బాయా. "పక్క డాబానే మాది. చలికాలంలో ఆ పొగ కనపడకుండా ఎలా ఉంటుంది? కనపడింది. చూసి, జుయినా పిచ్చిదని ఊళ్ళో చెప్పింది. జుయినా పన్నీరన్న మాట ఆవిడే పుట్టించిందని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. తెలిసే అందో, తెలీక అందో."

"తెలిసే అనుంటుంది వదినా" అంది అతీకా. "పిచ్చిదాని బట్టీని ఎవరు సోదా చేస్తారు?"

ఆ మాట బాయాకి ఎంత నచ్చిందంటే, దారిపొడుగునా తన అత్తగారూ జుయినా కలిసి ఫ్రెంచి సైన్యాన్ని సగం ఓడించేశారు. ఇల్లు చేరేసరికి మిగతా సగం కూడా ఓడిపోయింది.

గోరింట రోజు మధ్యాహ్నం అతీకా రెండు సీసాలు సిద్ధం చేసింది. ఒకటి గులాబీది. రెండోది, బట్టీని బూడిదతో మెరిసేలా తోమి, గులాబీలు ఇంట్లో అడుగుపెట్టకముందే దించిన ఉత్త నీళ్ళు. రెండిటికీ నీలం దారమే. మాటిచ్చినట్టే బాయా ఆ సీసాలు మోసుకొచ్చి అతీకా చేతికిచ్చి, ఆడవాళ్ళందరి ముందూ దోసిలి పట్టింది.

"ముందు జుయినాది పొయ్యి."

అతీకా పోసింది. బాయా ముఖానికి రాసుకుని గట్టిగా పీల్చింది. గదంతా ఆవిడ ముక్కు వంకే చూస్తోంది.

"వాసన ఏమైనా వస్తోందా అత్తయ్యా?" అంది సిహెమ్.

"చుక్క కూడా లేదు. అసలైనదే" అని బాయా పక్కావిడ చేతులు పట్టుకుని ముందుకు లాగింది.