నంద్యాలలో హీటరెందుకు

ఆళ్లగడ్డ ఆదినారాయణకు బోలెడు మాగాణి, ఒక పాత డీజిల్ కారు ఉన్నాయి. మాగాణిని కౌలుదార్లు చూసుకుంటారు. కారును మాత్రం ఆయనే చూసుకుంటాడు. ఊటీలో ఎవరో టీ తోట మేనేజరు దగ్గర కొన్నది కాబట్టి దానికి హీటరుంది. మండుటెండలో ఎవరైనా ఎక్కితే, "దీంట్లో హీటరు గూడా ఉండాది" అని చెప్పడం ఆయనకు ఇష్టం. ఎక్కినవాళ్లు మర్యాదకు తలూపి చెమట తుడుచుకుంటారు.

ఈ వేసవిలో ఆయన భార్య నాగజ్యోతి కూర్చునే వైపు కాళ్ల కింద మ్యాట్ తడవడం మొదలైంది. కారంతా ఒక తియ్యటి వాసన. ఆమె పోరు పడలేక, ఇద్దరూ నంద్యాల పోయినప్పుడు మెకానిక్ జోసెఫ్‌కు చూపించాడు. జోసెఫ్ బానెట్ ఎత్తి, ఇంజన్ నుంచి హీటరుకు వేడినీళ్లు మోసే రెండు రబ్బరు గొట్టాలనూ వేళ్లతో నొక్కి చూశాడు. ఒకటి కట్టెలా బిగుసుకుపోయింది. రెండోది అడుగున మగ్గిన బనగానపల్లె మామిడిపండులా మెత్తబడింది. క్లిప్పు దగ్గర పగుళ్లు, నీళ్లు కారిన పచ్చటి మరక.

"రెండూ మార్చాలన్నా. ఇవి తెగితే ఇంజన్లో నీళ్లుండవు."

"హీటరు పైపులే గదప్పా. నంద్యాలలో హీటరెవడేస్తాడు?"

"ఏసినా ఏయకపోయినా ఇంజన్ నీళ్లు వీటిల్లోనే తిరుగుతాయన్నా."

"నా కారు గురించి నాకు చెప్తాండావా నువ్వు?"

ఇంటికొచ్చి ఆదినారాయణ తనే తనిఖీ చేశాడు. తనిఖీ అంటే, గుడ్డకు కొబ్బరినూనె అద్ది రెండు గొట్టాలనూ తుడిచాడు. అవి నల్లగా మెరిశాయి. భార్యను పిలిచి చూపించాడు.

"రబ్బరుకు నూనె పూస్తారా యాడన్నా?" అని ఆమె లోపలికెళ్లిపోయింది.

మే నెలలో ఆయన చెల్లెలు గోవిందమ్మ కూతురి పెళ్లి వచ్చింది, నంద్యాలలోనే. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావలసిన మేనమామ ఆదినారాయణ ఒక్కడే. బస్సులో పోదామంది నాగజ్యోతి. మేనమామ బస్సు దిగి నడిచొస్తే పెళ్లివాళ్ల ముందు ఏం మర్యాదని ఆయన కారు తీశాడు.

ఆళ్లగడ్డ దాటగానే వేడి చూపించే ముల్లు పైకి లేచింది. కారాపి జోసెఫ్‌కు ఫోన్ చేశాడు.

"హీటరు ఫుల్లు పెట్టన్నా. ఇంజన్ వేడి కొంత లోపలికొస్తాది. అద్దాలు దించి నిదానంగా రా. ముల్లు ఇంకా లేస్తే మాత్రం ఆపేయి."

హీటరు పెట్టాడు. పట్టుపంచె తొడలకు అతుక్కుంది. నాగజ్యోతి ముఖాన బొట్టు కారి ముక్కు మీదికొచ్చింది. పక్కన పోతున్న ఆటోలోని ఆడవాళ్లు తొంగి చూశారు.

"హీటరెవడేస్తాడంటివే," అంది ఆమె. "మనమే ఏస్తాండాం సూడు."

శిరివెళ్ల దగ్గర బానెట్ కింద టప్పుమని పేలింది. తెల్లటి ఆవిరి అద్దాన్ని కమ్మేసింది. ఆదినారాయణ కారాపి, దిగి, బానెట్ ఎత్తి రేడియేటర్ మూత మీదికి చెయ్యి చాపాడు. నాగజ్యోతి ఆ చెయ్యి పట్టుకుంది.

"మూత తీస్తే మొగం ఉడికిపోతాది. సల్లారనీ. జోసెఫ్‌ను రమ్మని చెప్పి, తాళమేసి రా. బస్సులో పోదాం."

"కారును రోడ్డు మీద ఇడిసిపెట్టి యాడికొచ్చేది?"

ఆమె ఆయన్నొకసారి చూసింది. నంద్యాల వైపు పోతున్న బస్సుకు చెయ్యెత్తి, ఎక్కి వెళ్లిపోయింది.

జోసెఫ్ బైకు మీద కొత్త గొట్టాలు తెచ్చాడు. పాతవి అతుక్కుపోయి ఊడిరాకపోతే బ్లేడుతో నిలువునా చీల్చి తీశాడు. పగిలినదాన్ని ఫోటో తీసి మెకానిక్‌ల గ్రూపులో పెట్టి, జవాబులు చదువుకుంటూ నవ్వుకున్నాడు. ఆ తర్వాతే కొత్తవి తొడిగి క్లిప్పులు బిగించాడు. నీళ్లు పోసి, లోపలి గాలి బుడగలన్నీ పోయేదాకా ఇంజన్ తిప్పాడు. పక్కన నిలబడి ఆదినారాయణ, "గట్టిగా బిగించప్పా" అని చెబుతూనే ఉన్నాడు.

ఆయన మండపం చేరేసరికి భోజనాల బంతులు నడుస్తున్నాయి. గోవిందమ్మ ఎదురొచ్చింది. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు.

"కారు బాగుండాదా అన్నా?" అంది.

"బాగుండాది."

"అయితే ఇంగేం. భోంచెయ్యి పో."

పక్క విస్తరిలో తింటున్నాయన ఫోన్లో ఫోటోలు చూపించాడు. గంప ఒక వైపు పెళ్లికూతురి చిన్నాన్న, ఇంకో వైపు నాగజ్యోతి పట్టుకున్నారు. లోపల మేనకోడలు నవ్వుతూ ఉంది. చిన్నప్పుడు ఆ పిల్లను భుజాన వేసుకుని తిరిగినవాడు ఆదినారాయణ. చేతిలోని ముద్ద విస్తట్లో పెట్టేశాడు. అయినా నోరు ఊరుకోలేదు.

"గంప రవంత వాలింది," అన్నాడు. పక్కనాయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

తిరుగుప్రయాణానికి కూడా నాగజ్యోతి బస్సే ఎక్కింది. ఆదినారాయణ ఒక్కడే బయల్దేరి, ఊరూరా కారాపి, బానెట్ ఎత్తి గొట్టాలు తడిమి చూసుకుంటూ వచ్చాడు. ఇల్లు చేరేసరికి ఆమె పట్టుచీర మడిచిపెట్టి కాఫీ తాగుతోంది.

"సుక్క గూడా కారలేదు," అన్నాడు గుమ్మంలోంచే.

ఆమె గ్లాసు కడిగి బోర్లించి, పక్కింటికి పెళ్లి కబుర్లు చెప్పడానికి వెళ్లింది.