అయిదో ఏటి ద్రాక్ష

సున్నం డబ్బా పక్కన పెట్టుకుని యేసయ్య ఇంకో హద్దురాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. కుంచె ముంచి, డబ్బా అంచుకు రాసి, రాయి నెత్తి మీద మొదలుపెట్టి మెల్లగా కిందికి దిగాడు. లాల్‌గడి మలక్‌పేట్ పొలిమేరలోని ఆ ప్లాట్లకు అతను కావలివాడు. కొన్నవాళ్లు ఎప్పుడో ఒకసారి కార్లలో వచ్చి తమ రాళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటారు. వాళ్లు వచ్చేసరికి రాళ్లు తెల్లగా ఉండాలి, వయ్యారిభామ మొక్కలు వాటిని కప్పేయకూడదు. పని అంతే.

మనిషి సన్నం. చేతుల మీద నరాలు తాళ్లలా లేచి ఉంటాయి. మెడ మాత్రం కాస్త వెనక్కి వాలి, ఎవరితో మాట్లాడుతున్నా ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు కనబడతాడు. సగం బతుకు ద్రాక్ష పందిళ్ల కింద చేతులు పైకెత్తి గడిపినవాడి మెడ అది. ఇదే నేలలో, ఈ రాళ్లున్న చోటనే, ఒకప్పుడు దొరగారి ద్రాక్షతోట ఉండేది. యేసయ్య కొమ్మలు కత్తిరించేవాడు, గుత్తులు కోసేవాడు, బుట్టల్లో గడ్డి పరిచి పేర్చేవాడు. కోత రోజుల్లో వేళ్లకు తీపి జిగురు పట్టి, ఇంటికొచ్చాక చీమలు మంచం ఎక్కేవి. అడగకుండా ఒక్క పండు నోట్లో వేసుకున్న పాపాన పోలేదు. అడిగితే దొర కాదనేవాడు కాదు, కాని యేసయ్యకు అడగడం రాదు.

ఈ రోజు అతను కూనిరాగం తీస్తున్నాడు. సాయంత్రం ఇంట్లో ప్రార్థన ఉంది. ప్రార్థన కాగానే తన తీగ పండు తను తినబోతున్నాడు.

తోట అమ్ముడుపోయి పెద్ద యంత్రం వచ్చి రాతిస్తంభాలను పీకుతున్నప్పుడు యేసయ్య ఒక కొమ్మ కోసుకుని తడి గోనెపట్టాలో చుట్టి ఇంటికి తెచ్చాడు. వాకిట్లో చేతిపంపు పక్కన తప్ప చోటు లేదు. అక్కడ వేపచెట్టు. చెట్టు వంక, సూర్యుడి వంక కాసేపు చూశాడు. భార్య ఎలీషమ్మ ఏందని అడిగింది. ఏం లేదని చెప్పి గుంట తవ్వాడు.

తీగ చిగురు వేసిన కొత్తలోనే ఒక ఆదివారం గుడిలో పాత నిబంధన చదివారు. ఇశ్రాయేలీయులకు దేవుడు మోషే చేత చెప్పించిన కట్టడలు. మీరు చెట్టు నాటితే మూడేళ్లు దాని పండు తినకండి, నాలుగో ఏటి పండు నాది, అయిదో ఏడు మీరు తినండి అని అందులో ఉంది. చాపల మీద కూర్చున్నవాళ్లలో కొందరు ఆవులించారు. యేసయ్య వెన్ను నిటారుగా అయింది. ద్రాక్షతోటల గురించి లేఖనాల్లో ఎన్నో మాటలు విన్నాడు. రాలిన పండు ఏరుకోవద్దు, బీదలకు విడిచిపెట్టు అని. అవన్నీ తోట ఉన్నవాళ్లకు చెప్పినవి. కూలివాడు ఏం విడిచిపెడతాడు, ఎవరి సొమ్మని విడిచిపెడతాడు? ఈ మాట వేరు. చెట్టు నాటినవాడికి చెప్పిన మాట. అతను నాటాడు.

ఇంటికి వచ్చి, తానూ అట్లాగే ఆగుతానని ఎలీషమ్మకు చెప్పాడు. ఆమె నెత్తి కొట్టుకుంది, కాని ఒప్పుకుంది.

మూడో ఏట చిన్న గుత్తులు వస్తే కత్తెరతో కోసి తీగ మొదట్లోనే పూడ్చాడు. అందనివి పిచ్చుకలు తిన్నాయి. వాటినెందుకు తోలవని వాడకట్టు వాళ్లు ఏడిపిస్తే, పిట్టలకు మోషే చెప్పలేదు గదా అన్నాడు. దేవరయాంజాల్ నర్సయ్య ఒక్కడే నవ్వలేదు. దొర తోటలో అతను మేస్త్రీ. ఇప్పుడు బర్రెలు పెట్టుకుని పాలు పోస్తున్నాడు. రాముడి గుడికి పోకుండా పొద్దున పాలు పితకనివాడు.

"మా అవ్వ కాశికి వొయ్యి పనసపండు ఇడిసింది," అన్నాడు నర్సయ్య. "సచ్చేదాక మల్ల ముట్టలే. నీది నయం యేసన్నా, నీ దేవుడు గడువు వెట్టిండు."

నాలుగో ఏడు రాకముందు వానాకాలంలో యేసయ్యకు గుండెలో నొప్పి వచ్చింది. మేడ్చల్ ఆస్పత్రిలో కొన్నాళ్లు పడుకున్నాడు. సైకిలు తొక్కవద్దన్నారు, బరువు ఎత్తవద్దన్నారు. ఎలీషమ్మ అన్నీ విని తల ఊపింది కాని, ఆ చలికాలం తీగ నిండా గుత్తులు దిగితే ఉండబట్టలేకపోయింది. మళ్లీ ఏడు ఎవరికి ఎరుకని, ఒక్క పండు తినమని బతిమాలింది. పాస్టరు గిడియోన్‌ను పిలుచుకొచ్చింది. గిడియోన్ చిన్నవాడు, మంచివాడు. ఆ కట్టడ కనాను దేశానికి పోయేవాళ్లకు చెప్పిందని, మనం కృప కింద ఉన్నామని, తింటే తప్పు లేదని నచ్చజెప్పాడు.

యేసయ్య శ్రద్ధగా విన్నాడు. అయ్యగారు చెప్పింది నిజమే అయి ఉంటుందన్నాడు. తరువాత కత్తెర తీసి గుత్తులన్నీ కోసి కోత పండుగకు గుడికి మోయించాడు. వడ్ల కంకులు, సొరకాయలు, కాళ్లు కట్టిన కోళ్ల నడుమ అతని బుట్ట పెట్టారు. ఆరాధన అయ్యాక అర్పణలను వేలం వేయడం అక్కడి ఆనవాయితీ. ద్రాక్షబుట్ట వంతు రాగానే ఎలీషమ్మ లేచి, ఎవరినీ పాడనివ్వకుండా, తానే గెలుచుకుంది. గుడి మెట్ల మీద కూర్చుని, మొగుడి ఎదుట ఒక పండు నోట్లో వేసుకుంది. ఒక కన్ను చటుక్కున మూసుకుంది.

"సక్కెర," అంది. "నీకు వచ్చేటేడే."

ఏడాది పొడుగునా ఆ చక్కెర గురించే చెప్పింది. మాత్ర మింగనంటే చక్కెర గుర్తు చేసేది. నడక ఆపేస్తే గుర్తు చేసేది. చలికాలం దగ్గు పట్టినప్పుడు వేడినీళ్లు కాచి ఇస్తూ, అంత తియ్యటి పండు దొర తోటలో కూడా లేదని అనేది. యేసయ్య మీసాల కింద నవ్వుకుని నీళ్లు తాగేవాడు.

ఇప్పుడు చివరి రాయికి సున్నం వేసి లేచాడు. మోకాళ్లు కటకటమన్నాయి. గుండె మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తెల్లటి రాళ్లు ఎండలో వరసలుగా మెరుస్తున్నాయి. ఏ వరసలో ఏ పందిరి ఉండేదో అతను కళ్లు మూసుకుని చెప్పగలడు. బాధేం కలగలేదు. దేవుడు లేచి పొమ్మంటే అబ్రాహాము లేచి నడిచాడు, తోట కూడా అట్లాగే పోయిందనుకున్నాడు. సైకిలు నడిపించుకుంటూ ఇంటికి బయల్దేరాడు.

పొద్దు వాలుతుండగా గిడియోన్ స్కూటర్ మీద వచ్చాడు. నర్సయ్య పాలక్యాన్లతో వచ్చి, కింద కూర్చోమన్నా వినక క్యాన్ మీదే కూర్చున్నాడు. వాడకట్టు ఆడవాళ్లు వేపచెట్టు కింద చాప పరిచారు. ప్రార్థన పొడుగ్గా సాగింది. నర్సయ్య కూడా కళ్లు మూసుకుని చేతులు జోడించాడు, ఎవరికి దండం పెట్టుకున్నాడో అతనికే తెలియాలి. ఆమెన్ అనగానే యేసయ్య కత్తెర తీసుకున్నాడు. అలవాటైన మెడ వెనక్కి వాలింది. అలవాటైన చేతులు పైకి లేచాయి. మొదటి గుత్తిని అరచేతిలోకి దించుకుని, ఒక పండు తుంచి నోట్లో వేసుకున్నాడు.

ముఖమంతా ముడుచుకుపోయింది. పళ్లు జిల్లుమన్నాయి. కంట్లో నీళ్లు తిరిగాయి.

"పుల్లగున్నదే," అన్నాడు.

ఎలీషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకెరుకే."

"మరి సక్కెరంటివి?"

"సక్కెరంటే సావకుండ ఆగుతవని." ఆమె కొంగు దించింది. "బుట్టెడు ఏం జెయ్యాల్నో తెల్వక నర్సన్న బర్రెకేసిన. అది గూడ మూతి తిప్పుకుంది."

నర్సయ్య క్యాన్ మీద నుంచి జారినంత పని చేశాడు. యేసయ్య కళ్లు తుడుచుకుని, తనకు కూడా ఎరుకేనన్నాడు. నాటిన రోజే తెలుసు, వేప నీడన ద్రాక్షకు తీపి పట్టదని. గుడి మెట్ల మీద ఆమె కన్ను మూసుకోవడం కూడా చూశాడు. చెబితే ఆమె చక్కెర ముచ్చట ఆగిపోతుందని ఊరుకున్నాడు. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అందరూ తలా ఒకటి తిని, తలా ఒక రకంగా ముఖం పెట్టారు.

గిడియోన్ నవ్వు ఆపుకుని, పులుపని తెలిసి ఎందుకు ఇన్నేళ్లు ఆగావు తాతా అని అడిగాడు.

యేసయ్య ఇంకో పండు నోట్లో వేసుకున్నాడు.

"తోటల తియ్యటియి మస్తు కోసిన అయ్యగారూ. అవి దొరయి. గిది నాది. నీ చెట్టు అని దేవుడు నాతోటి మాట్లాడిండు. మాట్లాడినంక ఇనకుంటె ఎట్ల?"

గిడియోన్ కూడా ఇంకొకటి తిన్నాడు.

అందరూ వెళ్లాక యేసయ్య తీగ పందిరి కింద మంచం వేయించుకుని ఒరిగాడు. మిగిలిన గుత్తిని స్టీలు పళ్లెంలో పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే తింటున్నాడు. ప్రతి పండుకూ ముఖం ముడుచుకుంటోంది, ప్రతి పండు తరువాతా నవ్వుతున్నాడు. గింజలు పారేయవద్దని, ఈసారి గుడి ముందు ఎండ తగిలే చోట నాటాలని భార్యకు చెప్పాడు.

"మల్ల అయిదేండ్లా?" అంది ఎలీషమ్మ.

"గింజది ఇంకా ఎక్కువనే," అన్నాడు.

ఆమె నవ్వుతూ చాయ పెట్టడానికి లోపలికి పోయింది. పాలు పొంగే లోపల అతను ఏదో పాట మొదలుపెట్టడం వినబడింది. తరువాత వినబడలేదు. గ్లాసు పట్టుకుని వచ్చేసరికి మెడ వెనక్కి వాల్చి, పందిరి వంకే చూస్తూ ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. గ్లాసు కింద పెట్టి, చెయ్యి పట్టుకుని చూసింది. వేళ్లకు ఇంకా జిగురుంది. ఆమె మంచం పట్టె మీద కూర్చుని ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. కేక వేయడానికి కొంత సమయం పట్టింది.

పళ్లెంలో గుత్తి అయిపోయింది. అంచున, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా పెట్టిన గింజలు ఇంకా తడి ఆరలేదు.