వెంపలి మడి

"ఆ పిచ్చి మొక్కలకేమో ఎరువులు, మాకేమో నీళ్ల చారు" అన్నాడు మా ఆయన శాంతికుమార్, పళ్లెంలో వేలు తిప్పుతూ. అత్తమ్మ ఇన్నమ్మ నవ్వింది. నేను గిన్నెలు తోముతున్నాను. వయ్యారిభామ కలుపు పీకీ పీకీ నా మణికట్ల దాకా దద్దుర్లు లేచాయి. సబ్బు నురగ తగిలితే నిప్పు పెట్టినట్టు మంట. "ఆ చేతులతోని నా గ్లాసు ముట్టకు, అంటుకుంటది" అని అత్తమ్మ ముందే చెప్పింది. ముట్టకూడని గ్లాసును తోమాల్సింది మాత్రం నేనే.

మేముండేది ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో. మా ఆయన డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం హెడ్. అదే శాస్త్రంలో నేను పిహెచ్‌డి చేస్తున్నాను. ఆయన పిహెచ్‌డికి బొమ్మలన్నీ నేనే గీశాను, పెళ్లయిన కొత్తలో, అదే ప్రేమ అనుకుని. నాది మొదలయ్యేసరికి అది 'నీ సరదా' అయింది. ఆదివారం తెల్లవారకముందే లేచి కూరా అన్నం వండిపెట్టి బూర్గంపాడు బస్సెక్కేదాన్ని. "ప్రభువు దినాన ప్రార్థనకు రాకుండ గడ్డి పీకుడేంది?" అని అత్తమ్మ గొంతు గేటు దాకా వెంట వచ్చేది.

బూర్గంపాడు దాటాక అడవి అంచున రామక్క అనే కోయ రైతు బీడుంది. వెంపలి ఆ నేలలో మొదటి నుంచీ ఉన్న మొక్క. వయ్యారిభామ వేరే దేశం నుంచి వచ్చి, రోడ్ల వెంట పాకి, అడవి దాకా చేరింది. మట్టిలో నత్రజని పెరిగితే ఏది గెలుస్తుంది, తగ్గితే ఏది నిలుస్తుంది? అదే నా పరిశోధన. బీడును చిన్న మడులుగా చేసి, అన్నింట్లో రెండు మొక్కలూ పెంచి, కొన్ని మడులకు యూరియా వేశాను. కొన్నింటిని ఉన్నవి ఉన్నట్టు వదిలేశాను. కొన్నింటిలో రంపపు పొట్టు కలిపాను. పొట్టును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే తీసేసుకుంటాయి, మొక్కలకు పెద్దగా మిగలదు. యూరియా మడుల్లో వయ్యారిభామ నడుమెత్తు లేచి వెంపలిని నీడలో తొక్కేసింది. పొట్టు మడుల్లో అదే మొక్క పాలిపోయి జానెడు దగ్గర ఆగింది. వెంపలి వేళ్ల బుడిపెల్లో బాక్టీరియా ఉంటుంది, గాలిలోని నత్రజనిని దానికి అందిస్తుంది. అందుకే ఆ బీద మట్టిలో అది నిలబడి ఊదా పూలు పూసింది. ఆ సాయంత్రం బస్సులో పాల్వంచ దాకా నిలబడే వచ్చినా కాళ్లు నొప్పి పుట్టలేదు. ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. "మంచిగుంది" అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఇక గింజ కట్టేదాకా ఆగితే చాలు, నా పని పూర్తవుతుంది.

అప్పుడే అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయింది. చుక్కల మందు వేయడానికీ, చేయిపట్టి నడిపించడానికీ ఇంట్లో నేను తప్ప మనిషి లేనట్టే మాట్లాడారు. దగ్గర దగ్గర నెల నేను బీడు వైపు కదల్లేదు. ఆ వెంటనే ఆయన కాలేజీలో సెమినార్. అతిథులకు భోజనాలు మా ఇంట్లో. నేను చేపల పొలుసు గీకుతుంటే ముందుగదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "రేపు భద్రాచలం పోయే దారిల మా ఫీల్డ్ చూపిస్త సార్. మా మిసెస్ గూడ కొంచెం హెల్ప్ చేస్తది."

కొంచెం హెల్ప్. నేను పొలుసు గీకుతూనే ఉన్నాను.

తర్వాతి ఆదివారం వెళ్తే బీడంతా ఒకే పచ్చదనం. పొట్టు మడి ఏదో, యూరియా మడి ఏదో పోల్చుకోలేకపోయాను. వయ్యారిభామ విరగబూసి ఉంది. కొమ్మలు పక్కకు తీసి వెతికితే అడుగున ఆకులు రాలిపోయిన వెంపలి పుల్లలు కనిపించాయి.

రామక్క వచ్చి పక్కన నిలబడింది. "గట్ల చూస్తవేంది బిడ్డా? పోయిన నెల సారొచ్చిండు. యూరియా సంచి తెచ్చి అన్ని మడులకు సల్లమన్నడు. నువ్వే చెప్పినవన్నడు."

"నేను చెప్పలేదు రామక్కా."

ఆమె ముఖం మాడిపోయింది. "మొగడు గదా అని నమ్మిన బిడ్డా."

ఇంటికొచ్చేసరికి ఆయన పేపరు చదువుతున్నాడు. జిల్లా పేజీలో అతిథులతో ఆయన ఫొటో, వెనక నా మడులు. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను.

"పచ్చగ లేకపోతే ఆ పెద్దసార్లకు ఏం చూపెడ్తం?" అన్నాడు.

"ఎరువు అందొద్దనే పొట్టు కలిపిన. నీకు తెల్వదా?"

పెళ్లయ్యాక ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. పేపరు దించి చూశాడు. తెలియక చేశానంటాడని, కనీసం ఆ అబద్ధమైనా ఆడతాడని ఎదురుచూశాను.

"తెలుసు. అయితే ఏంది? ఇంకో ఏడాది చెయ్. నీకేమన్న ప్రమోషన్ ఆగిందా?"

నా ఏడాది ఆయనకు ఫొటో వెనక పచ్చదనం. అరవాలనిపించింది. అరిస్తే నా కోపం గురించే మాట్లాడుకుంటారు, ఆయన చేసిన పని పక్కకు పోతుంది. అందుకే అరవలేదు. లోపలికి వెళ్లి సంచిలో బట్టలు సర్దాను. వాగుకు అవతల రామక్కకు ఇంకో బీడుంది, దాని మీద ఎవరి యూరియా పడలేదు. బూర్గంపాడులో కిరాయికి గది దొరుకుతుంది. నా ఫెలోషిప్ దానికి సరిపోతుంది. ఇంకో ఏడాది చేస్తాను, ఆయన చెప్పినట్టే. ఈ ఇంట్లో ఉండి మాత్రం కాదు.

సంచితో బయటికి వచ్చి ఇద్దరికీ ఆ మాటే చెప్పాను. ఆయన నమ్మనట్టు నవ్వాడు. అత్తమ్మ నల్లద్దాలు సవరించుకుంది. ఎందుకు పోతున్నావని గానీ, ఎప్పుడొస్తావని గానీ అడగలేదు.

"మరి రేపటి సంది వంటెవరు చేస్తరు?" అంది.

"నాకు తెల్వదు అత్తమ్మా" అన్నాను. నిజంగానే, ఆలోచించలేదు.